ఎండను అల్లేదెలా?

మే నెలలో తెలంగాణలోని రామగుండం, గోదావరిఖనిలో ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. ఆ అంకెల్ని ఊలుతో అల్లవచ్చు!

ఎలా? రోజుకో వరుస. ఆ రోజు గరిష్ఠ ఉష్ణోగ్రతను బట్టి రంగు మారుతుంది: 30 డిగ్రీల లోపు నీలం, 30 దాటితే ఆకుపచ్చ, 35 దాటితే పసుపు, 40 దాటితే నారింజ, 45 దాటితే ఎరుపు. ఏడాదికి 365 వరుసలు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2017లో మొదలైన ‘టెంపెస్ట్రీ ప్రాజెక్ట్’ కూడా ఇలాగే రోజుకో వరుస అల్లిస్తుంది, రంగుల కొలతలు మాత్రం వేరు.

ఎందుకు? పట్టికలోని అంకెలు గుర్తుండవు. ఎర్రపట్టీ ఎంత వెడల్పుందో చూడగానే తెలుస్తుంది.

మరి ఎండలు ముదరడం కూడా అల్లికలో కనిపిస్తుందా? ఈ ప్రాంతపు సింగరేణి గనుల బొగ్గయినా, మరే బొగ్గయినా మండితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టి ఉంచుతుంది. ఆ ప్రభావం ఒక్క ఏడాది అల్లికలో తేలదు. దశాబ్దాల అల్లికలు పక్కపక్కన పెట్టి చూడాలి.

వాతావరణ శాఖ రోజూ రామగుండం ఉష్ణోగ్రత ప్రకటిస్తుంది. రాసుకోండి, ఈరోజే మొదటి వరుస అల్లండి.