ఆ 12 క్రెడిట్లు ఎవరి ల్యాబ్‌లో?

ఢిల్లీ ధౌలా కువాన్‌లో తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో పెట్టిన శ్రీవేంకటేశ్వర కాలేజీ ఉంది. పిల్లలు ముద్దుగా ‘వెంకీ’ అంటారు. దాని పక్కనే ఢిల్లీ విశ్వవిద్యాలయం సౌత్ క్యాంపస్. 2005లో వరి జన్యుక్రమాన్ని పూర్తిచేసిన అంతర్జాతీయ బృందంలో ఈ క్యాంపస్‌ శాస్త్రవేత్తలున్నారు. డీఎంహెచ్-11 ఆవాల హైబ్రిడ్ పుట్టిందీ ఇక్కడే. అంటే డిగ్రీ పాఠాలు ఒక ప్రాంగణంలో, పెద్ద పరిశోధన పక్క ప్రాంగణంలో.

దేశమంతటా ఇదే తీరు. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం విశ్వవిద్యాలయాలు 1,168, కాలేజీలు 45,473. సైన్స్ చదువుతున్న 57.2 లక్షల మందిలో అమ్మాయిలు 29.8 లక్షలు, సగానికి పైనే. చేరడం దగ్గర వాళ్లు గెలిచారు. పరిశోధన దాకా వెళ్లేవారు మాత్రం, అమ్మాయిలైనా అబ్బాయిలైనా, తక్కువ: అన్ని సబ్జెక్టులూ కలిపి 4.33 కోట్ల విద్యార్థుల్లో పీహెచ్‌డీ చేస్తున్నది 2.12 లక్షలు. దాదాపు 200 మందికి ఒకరు.

డిగ్రీలోనే పరిశోధన రుచి చూపాలన్న ప్రయత్నాలు కొత్తవి కావు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2008లో స్టార్ కాలేజీ పథకం తెచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం 2012లో కాలేజీ అధ్యాపకులకూ డిగ్రీ విద్యార్థులకూ కలిపి ఇన్నొవేషన్ ప్రాజెక్టులు ఇచ్చింది. ఇప్పుడు ఆ అవసరం రెట్టింపైంది. ఆ విశ్వవిద్యాలయంలో 2022లో మొదలైన నాలుగేళ్ల డిగ్రీలో తొలి బ్యాచ్ 2025లో నాలుగో ఏట అడుగుపెట్టింది. ఆ ఏడాది 44 క్రెడిట్లలో డిసర్టేషన్‌కే 12. దాన్ని దగ్గరుండి చేయించాల్సిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు యూజీసీ లెక్కలో వారానికి 16 గంటల బోధన ఉంది. ఇక పరికరాల సంగతి: సౌత్ క్యాంపస్ ల్యాబుల్లో ఉన్నవన్నీ ప్రతి కాలేజీ కొనలేదు, కొనక్కర్లేదు కూడా.

అందుకే క్యాంపస్‌కూ కాలేజీలకూ మధ్య ల్యాబులు పంచుకునే ఒప్పందం కావాలి; అది కాగితం మీద సంతకంతో ఆగకూడదు. ఏ పరికరం మీద కాలేజీ పిల్లలకు వారానికి ఎన్ని గంటలో రాయాలి. క్యాంపస్‌లో ఒక గైడు, కాలేజీలో ఒక గైడు ఉండాలి. ఆ పని గంటలను బోధన గంటల్లోనే కలపాలి.

వెంకీ పిల్లలకు క్యాంపస్ నడక దూరమే. ఢిల్లీ ఉత్తర కొసన అలీపూర్‌లో, స్వామి శ్రద్ధానంద్ కాలేజీలో చదివే అమ్మాయికి ధౌలా కువాన్ అంటే నగరంలో చాలా దూరం ప్రయాణం. ఆమె రానూపోనూ ఛార్జీలు, సెలవుల్లో ల్యాబ్‌లో ఉండాల్సిన వారాలకు స్టైపెండు కూడా అదే ఒప్పందంలో ఉండాలి.