నీటిని ఆపే గాలి బుడగలు

వానాకాలంలో వీధి పక్కన తడిసే విద్యుత్ ప్యానెల్ పెట్టెలోకి నీరు పోకుండా ఇనుప తలుపు ఒక్కటే ఆపలేదు. తలుపు అంచు వెంట అతికించిన నల్లటి మెత్తని రబ్బరు పట్టీ ఆ పని పూర్తి చేస్తుంది. అది గట్టిపడి పగిలితే తేమ లోపలికి చేరుతుంది. షార్ట్ సర్క్యూట్‌కు, ఒక్కోసారి ప్రాణాపాయానికి కూడా దారితీస్తుంది.

ఇలాంటి పట్టీలను ఎక్కువగా క్లోజ్డ్ సెల్ రబ్బరు ఫోమ్‌తో తయారుచేస్తారు. గిన్నెలు తోమే స్పాంజిలో గదులు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి కనుక అది నీటిని పీల్చుకుంటుంది. ఈ ఫోమ్‌లో ప్రతి బుడగ చుట్టూ రబ్బరు గోడ ఉంటుంది. ముక్క కోసి నీటిలో వేసినా, కోసిన చోట తెరుచుకున్న గదులే ప్రధానంగా తడుస్తాయి.

బుడగలు ఎలా పుడతాయి?

రబ్బరులో గంధకంతో పాటు అజోడైకార్బోనమైడ్ వంటి రసాయనాన్ని కలిపి వేడి చేస్తారు. ఆ రసాయనం విడిపోయి నత్రజని తదితర వాయువులను వదులుతుంది. అదే సమయంలో గంధకం రబ్బరు అణువుల గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. ఇదే వల్కనీకరణం. ఈ రెండు చర్యలూ జతగా సాగాలి. రబ్బరు ముందే గట్టిపడితే బుడగలు పెరగవు. ఆలస్యమైతే గోడలు చిట్లి బుడగలు కలిసిపోతాయి.

ఏ చోటికి ఏ రబ్బరు?

సహజ రబ్బరు గొలుసులోని ద్విబంధాలపై గాలిలోని ఓజోన్ దాడి చేస్తుంది. అందుకే సాగదీసి ఉంచిన రబ్బరుపై పగుళ్లు వస్తాయి. ఈపీడీఎం రబ్బరులో ప్రధాన గొలుసులో ద్విబంధాలు ఉండవు. వల్కనీకరణానికి కావలసినవి పక్క కొమ్మలలో ఉంటాయి. కాబట్టి అది ఎండకు, ఓజోన్‌కు బాగా తట్టుకుంటుంది. అయితే పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బుతుంది. నూనె తగిలే చోట 1930లో డ్యూపాంట్ సంస్థలో రూపొందిన నియోప్రీన్ గానీ, నైట్రైల్ రబ్బరు గానీ మేలు. స్ప్లిట్ ఏసీ రాగి గొట్టానికి తొడిగే నల్లటి తొడుగు సాధారణంగా నైట్రైల్ ఫోమే. గాలిలోని తేమ చల్లని గొట్టాన్ని చేరకుండా అది అడ్డుకుంటుంది.

పట్టీకి అసలు పరీక్ష, నొక్కి వదిలాక తిరిగి లేవడం. ఏఎస్‌టీఎం డీ1056 ప్రమాణంలో నమూనాను 22 గంటలు సగం మందానికి నొక్కి ఉంచి, వదిలాక ఎంత కోలుకుందో కొలుస్తారు. తలుపును మరీ బిగించినా, ఏళ్ల తరబడి నొక్కి ఉంచినా బుడగల్లోని వాయువు మెల్లగా బయటికి పోయి పట్టీ అణగారిపోతుంది.

కారు, కిటికీ తలుపుల మధ్య కాగితం ముక్క పెట్టి మూసి లాగితే పట్టీ పరిస్థితి తెలుస్తుంది. సులువుగా జారి వస్తే అక్కడ పట్టు సడలినట్టే. విద్యుత్ ప్యానెళ్ల దగ్గర మాత్రం ఈ ప్రయోగం చేయకూడదు. వాటి పట్టీ ఊడి కనిపిస్తే, తొలి వానకు ముందే విద్యుత్ సిబ్బందికి చెప్పడం మంచిది.