వేగపు కారు, బ్రేకుల ఖర్చు

వేగమునకై నిర్మించిన కారుకు బ్రేకుల మరమ్మతు ఖరీదగుటకు కారణము వేడిమి. వేగము రెండింతలైనచో, దానిని ఆపుటలో బ్రేకులకు పుట్టు వేడిమి నాలుగింతలగును. అందుచే వాని డిస్కులు పెద్దవి, ప్యాడ్లు ప్రత్యేకమైనవి. పోర్షే 911 జి.టి.2 కారుకు 2001లో అమర్చిన సిరామిక్ డిస్కులు ఇనుప డిస్కుల బరువులో సుమారు సగమే. కాని మార్చవలసి వచ్చినచో వెల మిక్కుటము.

అయితే ప్రాణమును కాపాడు పని చౌకైనదే. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 4 తరగతి ద్రవము క్రొత్తదైనపుడు 230 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరగరాదు. తేమ చేరినపిమ్మట 155 డిగ్రీలకే మరగవచ్చును. అప్పుడు ఆవిరి బుడగలు పుట్టి, పెడల్ ఎంత నొక్కినను బ్రేకు పట్టదు. కావున రెండేండ్ల కొకసారి ద్రవమును మార్పింపవలెను. గారేజీ బిల్లులో దేనిని తగ్గించుకొన్నను, దీనిని మాత్రము తగ్గింపరాదు.