పోలండు ఎలుగుబంటియు పాలమూరి కప్పతల్లియు

మా చెల్లెలును మఱదియు ఉద్యోగనిమిత్తము పోలండు రాజధానియగు వార్సాలో కాపురమున్నారు. వారి యైదేండ్ల చిన్నది మొన్నటి ఆరుద్ర కార్తెలో తెలకపల్లికి వచ్చి మా యింట నెలకు పైగా నుండెను. ఆ బిడ్డ ఇంట తెలుగే మాటలాడును గాని పాట యనినచో దానికి పోలిషు భాషయే. శిశువిద్యాలయమున నేర్చినవి అవియే గదా.

వచ్చిన మూడవనాడే వాకిటి వేపచెట్టు నీడకు వీధిపిల్లల నెనమండుగురను పోగుచేసి, మా చిన్నవానిని నడుమ పరుండబెట్టి, కన్నులు మూసికొమ్మని చెప్పి, ఆట మొదలుపెట్టినది. మేము అరుగుమీద బియ్యము చెఱుగుచు చూచుచుంటిమి. నడుమ పరుండినవాడు ముసలి ఎలుగుబంటి. తక్కినవారు చేయిచేయి పట్టుకొని చుట్టును అడుగులో అడుగు వేయుచు పాడవలెను. ఎలుగు గాఢనిద్రలో నున్నదనియు, లేచెనా మనలను బ్రతుకనీయదనియు ఆ పాటకు భావము. పిదప గంటలు లెక్కింతురు. ఒకటవ గంటకు అది నిద్రించుచునే యుండును, రెండవ గంటకు గుఱకపెట్టును, మూడవ గంటకు లేచి పైబడును. అందఱును కేకలు వేయుచు చెల్లాచెదరగుదురు. చిక్కినవారు మఱుసటి ఎలుగు.

మా వీధిపిల్లలకు ఆ భాషలో ఒక్క యక్షరమైన రాదు. అయినను మూడుసారులు తిరుగునప్పటికి మాటలన్నియు వారి నోటికి వచ్చినవి. అర్థము చెప్పి పాట నేర్పుట మన యలవాటు. ఆట నేర్పినచో పాట తనంతట వచ్చునని మాకు ఆనాడు తెలిసినది. ఇంకొక వింత యేమనగా, ఊరంతయు వినబడునట్లు అఱచుటయే గాని మెల్లగా మాటలాడుట యెఱుగని పిల్లవాడొకడు ఎలుగు లేచునేమో యని గుసగుసగా పాడినాడు. బడిలో వాని గొంతు తగ్గించుటకు మా యింటివారు రెండేండ్లుగా ప్రయత్నించుచున్నారు!

ఎలుగుబంటికి పోలిషు పేరు నియెజ్వియెచ్. రష్యనులు దానినే మెద్వేద్ అందురు. రెండింటికిని పూర్వార్థము తేనె తినునది యని భాషావేత్తలు చెప్పుదురు. మన సంస్కృతమున మధు శబ్దమునకు తినుట యను అర్థముగల అద ధాతువును చేర్చిన మధ్వద మగును. ఈ పదము ఋగ్వేదమున నున్నది. అది అక్కడ పక్షులకు విశేషణము, వారికి ఎలుగుబంటి పేరు. తేనె మాత్రము ఒక్కటే. ఈ సంగతి విని పిల్లలకన్న మేమే ఎక్కువ సంతోషించితిమి.

పిల్లల సందేహము వేఱు. అది అంతసేపు ఏల నిద్రించునని వారడిగిరి. ఆ దేశపు దక్షిణభాగమున కార్పాతియను పర్వతములందు గోధుమవన్నె ఎలుగులు గలవు. మంచు కప్పి ఆహారము దొరకని చలికాలమున అవి గుహలలో పడుకొనును. మన నల్లమలలోని నల్ల ఎలుగునకు అట్టి దీర్ఘనిద్ర లేదు. చెదలు, చీమలు, ఇప్పపూలు, తేనె ఏడాది పొడుగున ఏదో యొకటి దానికి దొరకును. కాని పొదలో పడుకొనియున్న దానిపైకి తెలియక పోయితిమా, అది మీదపడి గాయపఱచును. మా నాగర్‌కర్నూలు జిల్లాలోనే అమ్రాబాదు అడవులున్నవి గనుక ఇది మాకు వట్టి పాటమాట కాదు.

కంచె నెక్కి కన్నులు చికిలించు పిల్లిపిల్ల పాట ఇంకొకటి. అది మన సరిగమపలను దాటదు. అక్కడి పిల్లలు పియానోపై మొట్టమొదట వాయించున దదియేనట. మూడవది నక్క పాట. పిల్లలు గుండ్రముగా కూర్చుండగా ఒకరు నక్కయై వెనుక తిరుగుచు ఎవరి వీపువెనుకనో గుడ్డ జాఱవిడుచును. ఈ ఆట మన పిల్లలకును తెలిసినదే. కోతికొమ్మచ్చి, కప్పగంతులు, కోడిపిల్లలను గద్ద తన్నుకొనిపోవు ఆట — వీనిని మన చిన్నది ఒక్కపూటలో నేర్చుకొన్నది.

పోలిషు పిల్లలు మన దేశమున నుండుట ఇది మొదలు కాదు. రెండవ ప్రపంచయుద్ధమున ఇల్లువాకిళ్ళు పోయి వచ్చిన పోలిషు బాలబాలికలకు 1942లో నవానగరు జాంసాహేబు దిగ్విజయసింహులు బాలాచడిలో ఆశ్రయమిచ్చిరి. మఱుసటి యేట కొల్హాపురము చెంత వలివడెలో వెలసిన శిబిరమున సుమారు 5,000 మంది పోలిషువారు, స్త్రీలును పిల్లలును అధికముగా, 1948 వఱకు నివసించిరి. తమ భాషలో బడులు నడుపుకొనిరి. పరదేశమున బిడ్డ నోట తన పాట నిలుపవలెనను ఆ తల్లుల ఆరాటము, నేడు వార్సాలో మా చెల్లెలికిని ఉన్నది.

ఆ యారాటముతోనే మా చెల్లెలు ఒక కోరిక కోరినది: బిడ్డకు మన పాట యొకటి రావలెనని. సమయమునకు తగినట్లు ఆరుద్ర కార్తె సగమైనను చినుకు లేదు. పిల్లలు కప్పతల్లి ఆట కట్టిరి. ఈ ఆట ఎఱుగని సోదరీమణులకై చెప్పుచున్నాము. రోకలి నడుమ కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇద్దఱు భుజములపై మోసికొని పాడుచు ఇంటింటికి వత్తురు. ఇల్లాండ్రు చెంబెడు నీళ్ళు కప్పపై పోసి, దోసెడు గింజలు పెట్టుదురు. వాన వచ్చునని నమ్మకము.

మా గుమ్మము ముందు నిలిచిన రోకలిని చూచి మా చిన్నది పాట వినలేదు. కప్పనే చూచినది. కాలికి దారము బిగిసి అది తలక్రిందులుగా కొట్టుకొనుచుండెను. “పెద్దమ్మా, అది నిద్రపోవట్లేదు గదా, మరి ఎందుకు పట్టుకున్నరు?” అని యడిగినది. చేతిలోని చెంబు చేతిలోనే నిలిచిపోయినది. మేమును పదేండ్ల ప్రాయమున ఆ రోకలి మోసినవారమే. సాయంకాలమునకు ఆ కప్ప యేమయ్యెనో యేనాడును తిరిగి చూడలేదు. కప్ప చర్మముతో గూడ ఊపిరి తీయును. తడియాఱిన ఎండలో దాని కెంత బాధయో ఇప్పుడు తెలియును.

ఆట మాన్పించుటయే మేలని మా యింటివారనిరి. మా కది నచ్చలేదు. మానినచో కప్పతోబాటు పాటయు పోవును. ఋగ్వేదము ఏడవ మండలమందలి 103వ సూక్తము కప్పలపై చెప్పినదే. ఒక కప్ప పలికినదానిని మఱియొకటి, గురువు మాటను శిష్యుడు వల్లించినట్లు, పలుకునని ఋషి మెచ్చుకొనెను. అంతటి పాఠకురాలిని రోకలికి కట్టుట యెందులకు? కప్పను విప్పించి చెఱువుగట్టు తడిలో విడిపించి, బంకమట్టితో కప్పను చేసి యిచ్చితిమి.

పిల్లలు ఒప్పుకొనలేదు. “మట్టికప్పకు వాన వస్తదా? నీళ్ళు పోస్తే కరిగిపోతది” అని పెద్దపిల్లవాడు మొగము ముడుచుకొనెను. మా అత్తగారు అరుగుమీదనుండి, “కరిగేటన్ని నీళ్ళు పడితే అదే వాన గదరా” అని నవ్విరి. ఆ మాటతో రోకలి లేచినది. నాలుగవ యింటికి కాళ్ళును, ఏడవ యింటికి తలయు కరిగిపోయెను. వేపమండలు మాత్రము తిరిగి వచ్చినవి. వాన పదునొకండు దినములకు గాని రాలేదు. నిజమైన కప్పను కట్టియుండిన ముందే వచ్చెడిదని పెద్దపిల్లవాడు నేటికిని వాదించుచున్నాడు.

చిన్నది వార్సాకు పోవుచు ఆ పాటను సాంతముగా నేర్చుకొని పోయినది. శిశువిద్యాలయమున తోటిపిల్లలకు నేర్పునట. మొన్న ఫోనులో ఒక చిక్కు చెప్పినది. అక్కడ వారము దినములుగా విడువక వాన కురియుచున్నది, ఈ పాట పాడవచ్చునా, లేక వాన నిలుచుట కింకొక పాట యున్నదా యని. అత్తగారి నడిగి చెప్పెదమని యుంటిమి.