మాట వినే బండి

స్కూటరంటే మనకు సీటుండాలి. పారిస్‌ను హడలెత్తించిన స్కూటర్‌కు సీటే లేదు. నిలబడడానికో పలక, పట్టుకోవడానికో హ్యాండిల్, రెండు బుల్లి చక్రాలు, అంతే. దీని పూర్వీకురాలు పెట్రోలుతో నడిచిన ఆటోపెడ్. 1915 ప్రాంతంలో న్యూయార్క్‌లో వచ్చింది. హ్యాండిల్ కడ్డీని ముందుకు తోస్తే పరుగు, వెనక్కి లాగితే బ్రేకు. కొన్నేళ్లకే మూలపడింది. లిథియం బ్యాటరీ, చక్రంలోనే ఇమిడిపోయే మోటారు వచ్చాక ఆ బండి మళ్లీ లేచింది. 2017లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో బర్డ్ సంస్థ దాన్ని అద్దెకు వీధిలో వదిలింది. ఫోనుతో తాళం తీయడం, దిగినచోటే వదిలేసి పోవడం!

మరుసటి ఏడాదే పారిస్‌కు పాకింది. ఫుట్‌పాత్‌ల మీద అడ్డంగా పడి ఉన్న బండ్లు చూసి జనానికి విసుగొచ్చింది. 2020లో నగరపాలిక మూడు సంస్థలకే, తలా 5 వేల బండ్లకు, అనుమతిచ్చింది. నిలిపే చోట్లకు గీతలు గీసింది. 2021 నవంబరు నుంచి రద్దీ ఉన్న వందలాది చోట్ల గంటకు 10 కిలోమీటర్లే అంది. విశేషమంతా ఇక్కడుంది. బండిలోని జీపీఎస్ హద్దును గుర్తించగానే మోటారు తనంతట తానే వేగం తగ్గిస్తుంది. బొటనవేలితో ఎంత నొక్కినా లాభం లేదు. ఢీకొట్టే శక్తి వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కనుక, వేగం సగానికి దిగితే ఆ శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. పోలీసు అవసరం లేకుండా చట్టాన్ని పాటించే వాహనాలు ఎన్నున్నాయి?

ఇంత చేసినా, వీటిని ఉంచాలా వద్దా అని 2023 ఏప్రిల్ 2న నగరపాలిక ఓటింగ్ పెడితే, వేసినవాళ్లలో 89 శాతం అద్దె స్కూటర్లు వద్దన్నారు. వేసింది మాత్రం ఓటర్లలో ఏడెనిమిది శాతమే. అయినా తీర్పు తీర్పే. చూపులేనివారికి, ముసలివారికి దారికడ్డంగా పడున్న బండి ప్రమాదమే, కాదనను. కానీ అది నిలిపే చోటు సమస్య. కార్ల జాగాలోంచి మరికొంత కోసిస్తే తీరేది. సొంత బండిని యజమాని జాగ్రత్తగా నడుపుతాడు, అద్దెవాడికి ఆ బాధ్యతెక్కడిది అనొచ్చు. నిజమే, అందుకే అద్దె బండికి కళ్లెం వేశారు. ఇవి కార్ల ప్రయాణాలకన్నా నడకనే ఎక్కువ తగ్గించాయన్న వాదనకు మాత్రం నా దగ్గర గట్టి జవాబు లేదు.

ఆ ఆగస్టు ఆఖరుకు అద్దె బండ్లు పారిస్ ఖాళీ చేశాయి. నగరపాలిక మాట వినే మోటారు లేని సొంత స్కూటర్లు అక్కడ ఇప్పటికీ తిరుగుతున్నాయి, చట్టం ఒప్పుకున్న 25 కిలోమీటర్ల వేగంతో.