తప్పు చూపే యంత్రం దారి కూడా చూపాలి

రాయపూర్ నగరంలోని పండరీ బట్టల వ్యాపారానికి పేరుపడిన పేట. అడిగిన రంగు చీర దుకాణంలో లేనప్పుడు అనుభవజ్ఞుడైన వర్తకుడు ‘లేదు’ అని ముఖం తిప్పుకోడు. దానికి దగ్గరి రంగును పరచి చూపుతాడు. కంప్యూటరు ఈ మర్యాద నేర్చుకోవడానికి చాలాకాలం పట్టింది.

అటువంటి దుకాణాలకు బిల్లులు వేసే ప్రోగ్రామును ఇద్దరు యువకులు కలిసి రాస్తున్నారనుకుందాం. ఏ మార్పు ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారో వారికి జ్ఞాపకం ఉండాలి. షావుకార్లకు చిట్టా, ఆవర్జా ఎటువంటివో, వీరికి ‘గిట్’ అటువంటిది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో దీనిని ప్రారంభించారు. ఆ జూలైలోనే జూనియో హమానో నిర్వహణ భారం స్వీకరించారు. దీనిని వాడేవారిలో అనేకులు బొమ్మలను నొక్కరు. ఆజ్ఞలను అక్షరాలలో టైపు చేస్తారు. ఒక అక్షరం తప్పితే, ‘అటువంటి ఆజ్ఞ లేదు’ అని చెప్పి, దానికి దగ్గరి ఆజ్ఞ ఏదో గిట్ చూపుతుంది.

అసలు చిక్కు మరొకచోట ఉంది. మొదటి యువకుడు తన మార్పులను ఉమ్మడి భాండారానికి పంపాడు. ఆ సంగతి తెలియని రెండవవాడు తనవి పంపబోతే గిట్ నిరాకరిస్తుంది. తొలినాళ్లలో ‘తిరస్కృతం’ అన్న మాట, పక్కన ఒక సాంకేతిక పదం, పంపడం విఫలమైందన్న ముక్క తప్ప మరేమీ కనిపించేవి కావు. విసిగినవాడు బలవంతంగా పంపే ఆజ్ఞను ఆశ్రయిస్తే, తోటివాని శ్రమ ఉమ్మడి భాండారం నుండి తొలగిపోతుంది. 2009లో ఆ సందేశానికి వివరణ తోడైంది. నేడు అది ‘సూచన’ అంటూ మొదలై, మీరు అవతలివారికంటే వెనుకబడి ఉన్నారనీ, ముందుగా వారి మార్పులను తెచ్చుకొమ్మనీ, అందుకు వాడవలసిన ఆజ్ఞ ఫలానా అనీ చెబుతుంది. బలవంతపు ఆజ్ఞ పేరు మాత్రం ఎత్తదు. అపాయకరమైన అడ్డదారిని చూపకపోవడం కూడా స్నేహధర్మమే కదా!

మరొక సందేశాన్ని మాటకు మాటగా తెనిగిస్తే ‘మీరు తల విడివడిన స్థితిలో ఉన్నారు’ అని వస్తుంది. కొత్తవాడు బెదరకుండా ఉంటాడా? నిజానికి ప్రమాదమేమీ లేదు. అతడు ఏ శాఖకూ చెందకుండా పాత ప్రతి నొకదానిని చూస్తున్నాడు, అంతే. అందుకే ఆ వాక్యం కింద, ఇక్కడ నిశ్చింతగా ప్రయోగాలు చేయవచ్చునన్న అభయం కూడా ఉంటుంది. 2019 ఆగస్టులో వెలువడిన 2.23 కూర్పు నుండి, వెనుకకు మరలే ఆజ్ఞను సైతం అక్కడే చూడవచ్చు.

ఈ ఆలోచన కొత్తది కాదు. అమెరికన్ శాస్త్రజ్ఞుడు బెన్ ష్నైడర్మన్ 1982లోనే కంప్యూటరు సందేశాలు నిందించరాదనీ, స్పష్టంగా, ప్రయోజనకరంగా ఉండాలనీ బోధించారు. అయినా గిట్ సందేశాలు కొన్ని నేటికీ ‘ప్రాణాంతకం’ అనే అర్థమిచ్చే ఆంగ్లపదంతోనే ఆరంభమవుతాయి. జరిగినది తరచుగా తప్పు సంచిలో నిలబడి ఆజ్ఞ ఇవ్వడం మాత్రమే!

చేయి తిరిగినవారికి ఇన్ని సూచనలు విసుగు పుట్టించవచ్చు. అందువల్ల వాటిని ఒక్కొక్కటిగా నిలిపివేసే వీలు కల్పించారు; ఆ ఉపాయాన్ని పలు సూచనలు తామే తెలుపుతాయి. 2012 నుండి సందేశాలను ఇతర భాషలలోకి అనువదించే ఏర్పాటు కూడా ఉన్నది.

పొరపాటు పడిన మనిషి కోరేది పొగడ్త కాదు, ఓదార్పు కూడా కాదు. ఏమి జరిగింది? నా శ్రమ భద్రంగా ఉన్నదా? ఇప్పుడు నేనేమి చేయాలి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం లభిస్తే, అతడు మరల ధైర్యంగా మీటలపై చేయి వేస్తాడు.