సీసాపాల పిల్ల మందలో కలిసేదెట్లా?

జనగామ పల్లెల్లో మన కూలోళ్లకు మేకే ఆపదకు ఆసరా. తల్లి చచ్చిన పిల్లను సీసాపాలతో సాకితే మనిషినే తల్లి అనుకుంటది. మంద వెంట పోదు. కూలి మానుకొని దాన్ని కాసేదెవరు?

అందుకే పుట్టిన గంటల్లోనే మరో మేక ముర్రుపాలు పట్టి, తోటి పిల్లలతో ఒకే గంప కింద మూయాలి. మేత మరిగాక నెమ్మదైన మేకలతో కలిపి, ఆనక మందలోకి తోలాలి. పెద్దవి కుమ్మి బెదిరిస్తాయి. గాయం కాకుండా కనిపెట్టి ఉందాం గానీ, అరిచిందని ఇంటికి ఎత్తుకురావద్దు. నాలుగో నెలలో పారుడు రోగం టీకా తప్పనిసరి.

2017లో సర్కారు గొల్లకురుమలకు 75 శాతం సబ్సిడీపై 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చే పథకం పెట్టింది. తక్కిన కూలీల మేకలకు అందులో చోటు లేదు. కనీసం టీకా మన వాడకే రావాలని కలిసి అడుగుదాం.